రుజువు కాని ఆరోపణలు, అడ్మిన్ల అధికార దుర్వినియోగం: తరచుగా అడిగే ప్రశ్నలు

గ్రూపులో వేల మంది ఉన్నా, నలభై మందే ఉన్నా, ఒకరు ఇంకొకరి వైపు వేలు చూపించిన రోజున వచ్చే ప్రశ్నలు దాదాపు ఒకటే. మోడరేటర్లు, సభ్యులు, ఫిర్యాదు చేసినవాళ్లు, ఫిర్యాదు పడినవాళ్లు నన్ను అడుగుతూ వచ్చిన వాటికి ఇక్కడ జవాబులు రాశాను. ఆరోపణలను తేల్చడం, అడ్మిన్ల చేతికి కళ్లెం వేయడం రెండు వేరువేరు విషయాలని చాలామంది అనుకుంటారు. నేను అలా అనుకోను. ఆరోపణ ఎవరి మీద వచ్చినా ఒకే పద్ధతిలో తేలే చోటే సభ్యులు ఏ తీర్పునైనా నమ్ముతారు. అందుకే రెండూ ఒకే పేజీలో పెట్టాను.

ఒక సభ్యుని మీద అందరి ముందే ఆరోపణ పోస్టు పడింది. రుజువేమీ పెట్టలేదు. మొట్టమొదట ఏం చేయాలి?

ముందు దాన్ని భద్రపరచండి, ఆ తర్వాతే కనిపించకుండా చేయండి. కంగారులో డిలీట్ చేసేస్తే, అందులో ఏముందో ఎవరికి తోచినట్టు వాళ్లు చెప్పుకుంటారు. పోస్టు మొత్తం, కింది కామెంట్లు, తేదీ, సమయం, రాసిన ఖాతా లింకు కాపీ చేసి ఇద్దరు మోడరేటర్ల దగ్గర ఉంచండి. తర్వాత పోస్టును దాచి, ఇలాంటి చిన్న ప్రకటన పెట్టండి:

"ఒక సభ్యుని ప్రవర్తన గురించి ఫిర్యాదు అందింది. ఇద్దరు మోడరేటర్లు చూస్తున్నారు. స్వయంగా చూసినవాళ్లు, తెలిసినవాళ్లు వాళ్లకే నేరుగా రాయండి. తేలేదాకా దీని మీద కొత్త పోస్టులు వద్దు. ఎక్కడిదాకా వచ్చిందో శుక్రవారం సాయంత్రం చెబుతాం."

ఇందులో అన్నిటికన్నా ముఖ్యమైనది ఆఖరి వాక్యం. గడువు లేని మౌనం చూస్తే విషయాన్ని తొక్కిపెడుతున్నారనే సభ్యులు అనుకుంటారు, అలా అనుకోవడంలో వాళ్ల తప్పేమీ లేదు. శుక్రవారానికి ఏమీ తేలకపోతే, తేలలేదని చెప్పడానికైనా రావాలి.

రుజువు లేదంటే ఆ ఆరోపణ అబద్ధమనే కదా?

కాదు. మన దగ్గరున్న దాన్ని బట్టి అవుననీ చెప్పలేం, కాదనీ చెప్పలేం అని మాత్రమే దాని అర్థం. వాయిస్ కాల్‌లో జరిగిన వేధింపుకు సాక్షి ఎక్కడి నుంచి వస్తాడు? మాయమయ్యే మెసేజ్‌లు పెట్టి పంపిన బెదిరింపుకు కాపీ ఎక్కడుంటుంది?

అలాగని ఎదురుగా కనిపిస్తున్న బాధే జరిగిన దానికి రుజువని కూడా అనుకోకూడదు. బాధపడుతున్న మనిషికి వెంటనే అండగా నిలవవచ్చు, అవతలి మనిషి మీద తీర్పును మాత్రం ఆపుకోవాలి. ఈ రెండు పనులూ ఒకేసారి చేయవచ్చు. "మీరు చెప్పింది విన్నాం, ఆ ఖాతా నుంచి మీకు మెసేజ్‌లు రాకుండా ఇప్పుడే ఏర్పాటు చేస్తున్నాం" అనడానికి ఏ రుజువూ అక్కర్లేదు. "ఆయన వేధించాడు" అని గ్రూపు ముందు ప్రకటించాలంటే రుజువు కావాలి.

నిప్పు లేనిదే పొగ రాదంటారు. ఇంతమంది అదే మాట అంటుంటే ఎంతో కొంత నిజం ఉండదా?

ఆన్‌లైన్‌లో ఒకే మాటను వంద మంది తిరిగి చెప్పడానికి పది నిమిషాలు పట్టదు. 2013 ఏప్రిల్‌లో బోస్టన్ మారథాన్ దగ్గర బాంబులు పేలాక, రెడిట్ అనే చర్చా వేదిక సభ్యులు ఫొటోలు జల్లెడ పట్టి అనుమానితులను తామే వెతకడం మొదలుపెట్టారు. అంతకు నెల రోజుల ముందు కనిపించకుండా పోయిన ఒక విద్యార్థి పేరు పైకి వచ్చింది. ట్విట్టర్‌లో పాకింది, కొందరు విలేకరులు కూడా అందుకున్నారు. ఆ పేలుళ్లతో అతనికి ఏ సంబంధమూ లేదు. కొద్ది రోజులకు అతని మృతదేహం నదిలో దొరికింది. రెడిట్ తరఫున ఆ కుటుంబానికి బహిరంగంగా క్షమాపణ చెప్పారు. ఆ పేరును పంచుకున్నవాళ్లలో చాలామంది సాయం చేస్తున్నామనే అనుకున్నారు. నన్ను కలవరపెట్టేది అదే. అన్యాయం జరగడానికి అక్కడ దురుద్దేశం కూడా అవసరం లేకపోయింది.

అందుకే "ఐదుగురు చెప్పారు" అని ఎవరైనా అంటే, ఆ ఐదుగురినీ విడివిడిగా ఒకే ప్రశ్న అడగండి: మీరు స్వయంగా చూశారా, ఎవరైనా చెబితే విన్నారా? ఐదుగురూ ఒకే మనిషి దగ్గర విన్నారని తేలితే మీ చేతిలో ఉన్నది ఒకే ఒక్క సాక్ష్యం. ఒకరికొకరు తెలియని ఇద్దరు వేరువేరు రోజుల్లో తమకు జరిగినది చెప్పి, అవి ఒకదానితో ఒకటి కలిస్తే దానికి ఎంతో బలం ఉంటుంది.

స్క్రీన్‌షాట్ ఉంది. అదీ చాలదా?

స్క్రీన్‌షాట్ విచారణ మొదలుపెట్టడానికి చాలు, ముగించడానికి చాలదు. బ్రౌజర్‌లోని డెవలపర్ టూల్స్ తెరిచి ఏ పేజీలో ఏ వాక్యాన్నయినా మార్చి ఫొటో తీయడం ఎవరైనా నేర్చుకోగలరు. చాట్‌లకు నకిలీలు తయారుచేసే సైట్లూ ఉన్నాయి. అయితే పూర్తిగా కల్పించిన వాటికన్నా నేను ఎక్కువగా చూసేది కత్తిరించిన వాటిని.

ఒక ఊహా ఉదాహరణ. "రేపు మళ్లీ ఇక్కడ కనిపించావంటే ఊరుకోను." ఇంతే ఉంది బొమ్మలో. చదివితే గుండె ఝల్లుమంటుంది. దానికి పై మెసేజ్ ఇది: "ఒంట్లో జ్వరం పెట్టుకుని రాత్రి రెండింటి దాకా ఈ ఫైళ్లు సర్దుతూ కూర్చున్నావట, వెళ్లి పడుకో." ఆ వాక్యం కనిపిస్తే కింది మాట స్నేహితుడి కోపం, కనిపించకపోతే బెదిరింపు. రెండు సందర్భాల్లోనూ స్క్రీన్‌షాట్ అసలైనదే.

కాబట్టి ఆ మెసేజ్‌కు పైనా కిందా ఉన్న సంభాషణ చూపించమని అడగండి. వీలైతే చాట్‌ను పైకీ కిందకీ జరుపుతూ తీసిన స్క్రీన్ రికార్డింగ్ తీసుకోండి. పబ్లిక్ పోస్టయితే లింకు అడగండి. ఒకే సంభాషణ ఇద్దరి ఫోన్లలోనూ ఉంటుంది గనక ఇద్దరినీ విడివిడిగా అడిగి పక్కపక్కన పెట్టి చూడటం అన్నిటికన్నా నమ్మదగిన పద్ధతి. ఫిర్యాదుకు సంబంధం లేని వ్యక్తిగత విషయాలను మాత్రం మసక చేసి పంపమనండి. విచారణ పేరుతో ఒకరి చాట్ మొత్తం చదివే హక్కు మోడరేటర్‌కు లేదు.

ఫిర్యాదు చేసినవాళ్ల పేరు బయటపెట్టాలా?

పెట్టకూడదు. విచారించేవాళ్లకు తెలిస్తే చాలు. చిక్కు ఎక్కడొస్తుందంటే, కొన్నిసార్లు సంఘటన చెప్పగానే ఫిర్యాదు చేసిందెవరో అవతలివాళ్లకు తెలిసిపోతుంది. అప్పుడు ముందే అడగాలి: "ఈ వివరం చెబితే మీరెవరో ఆయనకు అర్థమైపోతుంది, చెప్పమంటారా?" వద్దంటే ఆ మాటను గౌరవించాలి. అయితే జవాబు చెప్పుకునే అవకాశం ఇవ్వని విషయం మీద పెద్ద శిక్ష వేయలేమని కూడా వాళ్లకు అప్పుడే చెప్పాలి. ఇది చెప్పడం కష్టం. చెప్పకుండా ఆశ పెట్టడం అంతకన్నా క్రూరం.

ఆరోపణ ఎదుర్కొంటున్న మనిషికి ఎంతవరకు చెప్పాలి?

ఏ పని, సుమారుగా ఎప్పుడు, ఏ నియమానికి విరుద్ధం, జవాబివ్వడానికి ఎన్ని రోజుల గడువు. ఇంతకు తగ్గకూడదు. "నీ మీద ఫిర్యాదులున్నాయి" అన్న మాటకు ఎవరూ జవాబు చెప్పలేరు. రెండో పక్షం మాట వినకుండా తీర్పు చెప్పరాదన్నది సహజ న్యాయ సూత్రం. అది కోర్టులకే పరిమితమైనది కాదు.

రహస్యంగా ఉంచాల్సిన ఆధారం ఉంటే ఏం చేయాలన్నది నిజంగా కష్టమైన ప్రశ్న. 2019 జూన్‌లో, వికీపీడియాను నడిపే వికీమీడియా ఫౌండేషన్ సంస్థ, ఇంగ్లిష్ వికీపీడియా నిర్వాహకుడొకరిని ఏడాది పాటు నిషేధించింది. గోప్యత దృష్ట్యా ఆధారాలను బయటపెట్టలేదు. గోప్యత అవసరమే కావచ్చు, కానీ కారణం తెలియని శిక్షను అక్కడి సభ్యులు జీర్ణించుకోలేకపోయారు. పలువురు నిర్వాహకులు నిరసనగా తమ హోదాలు వదులుకున్నారు. చివరికి సభ్యులు ఎన్నుకున్న ఆర్బిట్రేషన్ కమిటీ (వివాదాలు తేల్చే బృందం) కేసును చేపట్టి, సెప్టెంబరులో నిషేధాన్ని ఎత్తేసింది. నిర్వాహక హోదాను మాత్రం వెంటనే తిరిగి ఇవ్వలేదు. అందరికీ చూపించలేని ఆధారాన్ని అందరికీ నమ్మకమున్న కొద్దిమందికైనా చూపించి తీరాలని నేను అనడానికి కారణం ఇలాంటి అనుభవాలే.

విచారణ తేలేదాకా ఆ సభ్యుణ్ణి సస్పెండ్ చేయవచ్చా?

ఎవరికైనా ఇంకా హాని జరిగే అవకాశం ఉంటే చేయవచ్చు. చేసినప్పుడు అది తాత్కాలికమని, ఫలానా తేదీ వరకేనని, దోషి అని తేల్చడం కాదని రాసి పెట్టాలి. చాలాసార్లు అంతదూరం వెళ్లనవసరం లేదు. ఫిర్యాదు చేసినవాళ్లకు మెసేజ్ పెట్టవద్దంటే సరిపోతుంది.

ఎంత ఆధారం ఉంటే చర్య తీసుకోవచ్చు?

పర్యవసానం పెద్దదయ్యే కొద్దీ ఆధారం గట్టిగా ఉండాలి. ఒకరిని పక్కకు పిలిచి "ఇలా మాట్లాడితే ఇబ్బందిగా ఉందని కొందరు చెప్పారు, కాస్త చూసుకోండి" అనడానికి ఒక్క ఫిర్యాదు చాలు. శాశ్వతంగా తీసేయాలంటే, మీ నిర్ణయాన్ని కొత్తగా చదివే మనిషి కూడా అదే నిర్ణయానికి వచ్చేంత ఆధారం ఉండాలి.

మెట్లు మెట్లుగా శిక్ష ఉండాలన్నది కొత్త ఆలోచనేమీ కాదు. ఉమ్మడి అడవులు, నీటి వనరులు, చేపల రేవులు ఎలా నిలబడ్డాయో పరిశీలించి 2009లో ఆర్థిక శాస్త్ర నోబెల్ అందుకున్న ఎలినార్ ఆస్ట్రోమ్, కలకాలం నిలిచిన వ్యవస్థల్లో చూసిన లక్షణాల్లో ఇదొకటి. కాపలాదారులు సభ్యులకు జవాబుదారీగా ఉండటం మరొకటి. చాలా సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులు వాడుకునే కాంట్రిబ్యూటర్ కవనెంట్ అనే ప్రవర్తనా నియమావళి కూడా 2.0 రూపంలో సరిదిద్దడం, హెచ్చరిక, తాత్కాలిక నిషేధం, శాశ్వత నిషేధం అని నాలుగు మెట్లు పెట్టింది. మీ గ్రూపుకు మొదటి మెట్టు, చివరి మెట్టు తప్ప మధ్యలో ఏమీ లేకపోతే, చిన్న తప్పులను చూసీ చూడనట్టు వదిలేస్తారు, విసుగొచ్చిన రోజున మనిషినే తీసేస్తారు.

ఫిర్యాదు తప్పని తేలితే, చేసినవాళ్లను శిక్షించాలా?

తప్పని తేలడం వేరు, కావాలని అబద్ధం చెప్పారని తేలడం వేరు. పొరబడినవాళ్లను శిక్షిస్తే రేపు నిజంగా దెబ్బతిన్నవాళ్లు కూడా నోరు విప్పరు. కానీ ఆధారం అడిగితే చూపించకుండా, ఒకే మనిషి మీద పదే పదే, ప్రతి చర్చలోనూ బురద చల్లుతూ పోతే అది ప్రవర్తనా దోషమే. ఇంగ్లిష్ వికీపీడియా ఆర్బిట్రేషన్ కమిటీ తీర్పుల్లో ఈ సూత్రం చాలాసార్లు కనిపిస్తుంది. ఆరోపణ చేయదలిస్తే ఆధారాలతో సరైన చోట చేయాలి, లేదంటే ఆపాలి.

అడ్మిన్ తప్పు నిర్ణయానికి, అధికార దుర్వినియోగానికి తేడా ఎలా తెలుస్తుంది?

తప్పు ఎవరైనా చేస్తారు. చూపిస్తే సరిచేస్తారు. నేను రెండు విషయాలు చూస్తాను. ఒకటి, ఆ బటన్ నొక్కేటప్పుడు ఆ గొడవలో అడ్మిన్ కూడా ఒక పక్షమా? రెండు, ఎందుకు చేశారని అడిగినవాళ్లకు ఏం జరిగింది?

వాదనలో ఓడిపోతున్న అడ్మిన్ ఎదుటి మనిషిని మ్యూట్ చేయడం, తన మీది విమర్శను "గ్రూపు వాతావరణం పాడవుతోంది" అంటూ తీసేయడం, ఈ ఉదయం పెట్టిన నియమంతో నిన్నటి పోస్టుకు శిక్ష వేయడం, స్నేహితుడి బూతును వదిలేసి కొత్త సభ్యుని వెటకారానికి బ్యాన్ వేయడం, సభ్యులు నమ్మకంతో ఇచ్చిన ఫోన్ నంబర్లను సొంత అవసరానికి వాడటం, ఇవన్నీ కంచే చేను మేయడం కిందికే వస్తాయి. వికీపీడియాలో దీనికి స్పష్టమైన కట్టడి ఉంది. నిర్వాహకులు తాము పక్షంగా ఉన్న వివాదంలో, పచ్చి దుశ్చర్యలను ఆపడం లాంటివి తప్ప, నిర్వాహక అధికారాలు వాడకూడదు. వికీమీడియా సార్వత్రిక ప్రవర్తనా నియమావళి కూడా హోదాను, పలుకుబడిని దుర్వినియోగం చేయడాన్ని నిషిద్ధ ప్రవర్తనల్లో చేర్చింది. ఏ గ్రూపైనా ఇవాళే పెట్టుకోగలిగిన నియమం ఒకటుంది: గొడవలో మీరుంటే, బటన్ వేరొకరు నొక్కాలి.

ఆరోపణ అడ్మిన్ మీదే వస్తే?

ఈ పేజీలో అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఇదే. అడ్మిన్‌కూ మిగతా సభ్యులకు దక్కే రక్షణలన్నీ దక్కాలి. ఏం ఆరోపణో చెప్పాలి, జవాబుకు సమయం ఇవ్వాలి, తేలకముందే దోషి అనకూడదు. అయితే అంతవరకు ఆయన చేతిలో తాళాలు ఉండకూడదు. లాగ్ (ఎవరు ఏ చర్య తీసుకున్నారో నమోదయ్యే జాబితా) చెరిపే అధికారం, ఫిర్యాదుల పెట్టె చూసే అధికారం, సభ్యులను తీసేసే అధికారం తాత్కాలికంగా పక్కన పెట్టాలి. అది అవమానం కాదు. తర్వాత ఆయన నిర్దోషి అని తేలితే ఆ తీర్పును జనం నమ్మాలన్నా ఇది అవసరం.

విచారణ ఎవరు చేయాలి? ఆయన నియమించినవాళ్లు కాకూడదు, ఆయన తలచుకుంటే తొలగించగలిగినవాళ్లు అసలే కాకూడదు. ఈ రెండోదాన్ని గ్రూపులు మరిచిపోతుంటాయి. 2021 నవంబరులో రస్ట్ ప్రోగ్రామింగ్ భాష ప్రాజెక్టులో మోడరేషన్ బృందమంతా ఒకేసారి రాజీనామా చేసింది. ప్రాజెక్టులో పై స్థాయిలో ఉన్న కోర్ టీమ్ తనకు తప్ప ఇంకెవరికీ జవాబుదారీ కాకుండా ఉండిపోయిందని, ఆ టీమ్ విషయంలో నియమావళిని అమలు చేయలేకపోతున్నామని మోడరేటర్ల ఫిర్యాదు. నియమాలు ఉన్నాయి, అమలు చేసే మంచి మనుషులూ ఉన్నారు, కానీ పై వాళ్ల మీద పనిచేసే అధికారం లేదు. 2023లో ఆ కోర్ టీమ్ స్థానంలో లీడర్‌షిప్ కౌన్సిల్ వచ్చింది.

ఇంకా ఘోరంగా పరిణమించినది క్రొయేషియన్ వికీపీడియా. ఒక చిన్న నిర్వాహక బృందం ఏళ్ల తరబడి దాన్ని గుప్పిట్లో పెట్టుకుని, అడ్డుచెప్పినవాళ్లను బ్లాక్ చేస్తూ, చరిత్రను వక్రీకరిస్తూ వచ్చిన తీరును 2021లో వికీమీడియా ఫౌండేషన్ ప్రచురించిన నివేదిక వివరించింది. అడిగేవాళ్లను ముందు వెళ్లగొడితే, మిగిలినవాళ్లతో జరిపే ఏ ఓటింగైనా అడ్మిన్లకే అనుకూలంగా వస్తుంది. అలాంటి చోట లోపలి నుంచి దిద్దుబాటు రాదు, బయటివాళ్లు రావాల్సిందే. మీ గ్రూపు చిన్నదే అయినా, ఎవరికీ దగ్గర కాని ఇద్దరు ముగ్గురు బయటి మనుషులను ప్రశాంతంగా ఉన్న రోజుల్లోనే ఒప్పించి ఉంచుకోండి. గొడవ వచ్చాక వెతికితే ప్రతి పేరూ ఏదో ఒక పక్షానిదిగానే కనిపిస్తుంది.

అడ్మిన్ మంచివాడైతే ఈ తతంగమంతా ఎందుకు?

1993లో లాంబ్డామూ అనే అక్షరాల ప్రపంచంలో (బొమ్మలు లేకుండా రాతతోనే నడిచేది) ఒక ఖాతా తోటి సభ్యుల మీద లైంగిక దాడిని వర్ణిస్తూ రాసింది. సభ్యులు సమావేశమై గంటలకొద్దీ చర్చించినా ఒక నిర్ణయానికి రాలేదు. ఆ తర్వాత నిర్వాహకుడొకరు ఒంటరిగా ఆలోచించుకుని ఆ ఖాతాను తీసేశారు. ఆ పని న్యాయమైనదేనని అనుకున్నవాళ్లు చాలామంది. అయినా, ఒక్కరు తలచుకుంటే ఒక మనిషి మాయమయ్యే చోట ఎలా ఉండటం అన్న ప్రశ్న మిగిలింది. స్థాపకుడు పావెల్ కర్టిస్ ఆ తర్వాత సభ్యులే అర్జీలు పెట్టి ఓటు వేసే ఏర్పాటు చేశారు. మంచి అడ్మిన్ మంచి నిర్ణయం తీసుకున్నప్పుడే పద్ధతి పెట్టుకోవడం తేలిక.

ఏమేం రాసి పెట్టుకోవాలి?

ఏ చర్య, ఎవరి మీద, ఎవరు తీసుకున్నారు, ఏ నియమం కింద, ఏ ఆధారంతో. ఇవి రాయడానికి ఒక్క నిమిషం చాలు. యాప్ దాచుకుంటుందిలే అనుకోవద్దు. టెలిగ్రామ్‌లో అడ్మిన్లకు కనిపించే ఇటీవలి చర్యల జాబితా 48 గంటలే ఉంటుంది, డిస్కార్డ్ ఆడిట్ లాగ్ 45 రోజులు. వాట్సాప్‌లో అడ్మిన్ ఒకరి మెసేజ్ తీసేస్తే ఎవరు తీశారో కనిపిస్తుంది, ఎందుకు తీశారో కనిపించదు. ఆ "ఎందుకు" రాయాల్సింది మీరే.

అడ్మిన్లు జీతం లేకుండా సేవ చేస్తున్నారు. వాళ్లను ఇంత లెక్క అడగడం న్యాయమా?

వాళ్ల శ్రమను నేను తక్కువ చేయను. అర్ధరాత్రి బూతు పోస్టులు చదివి తీసేసేది వాళ్లే, తిట్లు తినేదీ వాళ్లే. కానీ సేవ ఉచితమైనంత మాత్రాన దాని వల్ల తగిలే దెబ్బ చిన్నదైపోదు. అకారణంగా వెలివేసిన మనిషి తన స్నేహాలను, ఏళ్ల తరబడి రాసుకున్నదాన్ని పోగొట్టుకుంటాడు. పైగా లెక్క రాసిపెట్టిన అడ్మిన్‌కే రక్షణ ఎక్కువ. నిరాధారమైన ఆరోపణ తన మీదే వచ్చిన రోజున చూపించడానికి ఏదో ఒకటి ఉంటుంది. అలసిపోతే పని పంచండి, గడువు పెట్టి బాధ్యతలు మార్చండి.

నన్ను కారణం చెప్పకుండా తీసేశారు. ఏం చేయగలను?

కోపం చల్లారాక ఒకే ఒక్క మెసేజ్ రాయండి. ఏ పోస్టు, ఏ నియమం, మళ్లీ పరిశీలించమని ఎవరిని అడగాలి, ఈ మూడే అడగండి. వాదించవద్దు. జవాబు రాకపోతే అదే ప్లాట్‌ఫామ్‌లో పై స్థాయి ఫిర్యాదు మార్గం ఉందేమో చూడండి. రెడిట్ లాంటి చోట్ల మోడరేటర్లకు కూడా ప్రవర్తనా నియమావళి ఉంది. కొత్త ఖాతాతో దొంగదారిన తిరిగి వెళ్లవద్దు. మీరు చెప్పేది నిజమే అయినా, ఆ తర్వాత అందరూ మాట్లాడుకునేది మీ నకిలీ ఖాతా గురించే అవుతుంది.

చివరికి ఏమీ తేలలేదు. ఏమని ప్రకటించాలి?

తేలలేదనే ప్రకటించండి. "ఫిర్యాదు పరిశీలించాం. ఇరుపక్షాలూ చెప్పింది విన్నాం. జరిగిందనడానికి గానీ జరగలేదనడానికి గానీ తగిన ఆధారం దొరకలేదు. ఎవరి మీదా చర్య లేదు. కొత్త ఆధారం వస్తే మళ్లీ తెరుస్తాం." ఇంతకు మించి ఒక్క విశేషణం కూడా వద్దు. ఇద్దరూ గ్రూపులో కొనసాగాలనుకుంటే, ఎదురుపడకుండా ఉండే ఏర్పాటును ఇద్దరికీ సమానంగా వర్తించేలా అడగండి. ఆ తర్వాత ఎవరైనా "ఆ కేసులో ఇరుక్కున్నవాడేగా" అంటూ పాత విషయం తవ్వితే మొదటిసారే ఆపండి.

మన చేతిలో పెట్టుకోకూడని ఫిర్యాదులు ఉన్నాయా?

ఉన్నాయి. ప్రాణహాని బెదిరింపు, పిల్లల మీద లైంగిక వేధింపు, డబ్బు కోసం బ్లాక్‌మెయిల్. బాధితుల భద్రత చూసి, ఆధారం చెరిగిపోకుండా ఉంచి, చట్టం పరిధిలోకి వెళ్లేలా వాళ్లకు తోడు నిలవండి. పిల్లల అభ్యంతరకర చిత్రాలను మాత్రం ఆధారం పేరుతో కూడా కాపీ చేసి దాచవద్దు, ఎవరికీ పంపవద్దు. ప్లాట్‌ఫామ్‌కు, పోలీసులకు వెంటనే తెలియజేయండి.

విచారణ కాగితాలు ఎంతకాలం ఉంచాలి?

అప్పీలు గడువు ముగిసేదాకా అన్నీ ఉంచండి. ఆ తర్వాత నిర్ణయం, కారణం, తేదీ మిగిల్చి, వ్యక్తిగత చాట్‌లు, స్క్రీన్‌షాట్లు తీసేయండి. బెదిరింపో, చట్టపరమైన వివాదమో ఉంటే ఆ కేసువి మాత్రం కదిలించవద్దు. మోడరేటర్ ఎవరైనా బాధ్యత నుంచి తప్పుకుంటే, తన ఫోన్‌లో ఉన్న కాపీలు కూడా ఆ రోజే తీసేయమనండి.